కేతిల్ చనిపోయాక వచ్చిన చిక్కు: ఒక నార్స్ ఫాంటసీ నవల ఎడిటింగ్ కేస్ స్టడీ

నవల మొత్తం 42 అధ్యాయాలు. కథానాయకుడు కేతిల్ 17వ అధ్యాయం చివర చనిపోతాడు. 18 నుంచి 29 దాకా, పన్నెండు అధ్యాయాలు, అతను చనిపోయాక చేరుకున్న లోకంలో నడుస్తాయి. రాతప్రతి నా దగ్గరికి వచ్చేసరికే రచయిత దాన్ని ముగ్గురు స్నేహితులతో చదివించాడు. ముగ్గురూ 20వ అధ్యాయం దాటలేదు.

“అక్కా, యుద్ధం బాగుందంటున్నారు. కేతిల్ పోయినప్పుడు ఏడుపొచ్చిందన్నారు. ఆ తర్వాత ఎందుకో ఎవరూ ముందుకి పోవట్లేదు,” అన్నాడు ఫోన్లో. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఎందుకంటే అతను ఆ నవల మొదలుపెట్టిందే ఆ పన్నెండు అధ్యాయాల కోసం.

కథల రాతప్రతులు సరిచేయడం నా వృత్తి. నవల ఇంకా అచ్చు కాలేదు కాబట్టి దాని పేరు, రచయిత పేరు చెప్పడం లేదు. కింద ఇచ్చిన వాక్యాలు మాత్రం అతను ఒప్పుకున్నాకే ఇస్తున్నాను.

కథ క్లుప్తంగా ఇది. ఉత్తరాన చలి సముద్రం మధ్య కొన్ని దీవులు. దేవుళ్ళ పేర్లు రచయిత పెట్టుకున్నవే అయినా వెనక ఉన్న చట్రం మొత్తం నార్స్ పురాణాలది, అంటే నార్వే, ఐస్‌లాండ్ లాంటి ఉత్తర దేశాల పాత కథలది. కేతిల్ పడవలు నడిపేవాడు. అవసరమైతే గొడ్డలి పడతాడు. భార్య ఆసా, ఏడేళ్ళ కూతురు. శత్రువులు ఊరి మీదికి వస్తుంటే వాగు దాటేచోట నిలబడి అడ్డుకుని అక్కడే చనిపోతాడు. యుద్ధంలో చచ్చినవాళ్ళని దేవుడి మనుషులు వచ్చి తీసుకెళ్తారు. అక్కడ పగలు యుద్ధం, రాత్రి విందు. ఎప్పుడో ఒకరోజు రాబోయే ఆఖరి యుద్ధంలో దేవుళ్ళ పక్షాన వాళ్ళు పోరాడాలి.

18వ అధ్యాయం మొదట ఇలా ఉండేది:

“బంగారు కాంతులు వెదజల్లే వీరస్వర్గంలో కేతిల్ అడుగుపెట్టగానే వేలాది వీరుల జయజయధ్వానాలు మిన్నుముట్టాయి. అప్సరసల వంటి కన్యలు మధుపాత్రలు అందించారు. అతని గాయాలన్నీ మాయమయ్యాయి. బాధ అంటే ఏమిటో కూడా మరచిపోయాడు.”

నేను ఇచ్చిన మొదటి సలహా తప్పు

వర్ణన పలచగా ఉందని, అసలు ఆధారాల్లోని వివరాలు తెచ్చి నింపమని చెప్పాను. వివరాలకి కొదవలేదు మరి. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో రాసిపెట్టిన ఎడ్డా కవితల్లో గ్రిమ్నిస్మాల్ అని ఒకటుంది. యుద్ధంలో చచ్చినవాళ్ళు చేరే ఓడిన్ దేవుడి సభ వాల్‌హల్లాకి ఈటెలే వాసాలని, డాళ్ళే పైకప్పు పెంకులని, బల్లల మీద ఇనప కవచాలు పరిచి ఉంటాయని అందులో ఉంది. పడమటి వాకిలి ముందు ఒక తోడేలు వేలాడుతుంటుంది, దానిపైన గద్ద. కప్పు మీద హేయిద్రూన్ అనే మేక నిలబడి చెట్టు ఆకులు మేస్తుంటుంది, దాని పొదుగు నుంచి పాల బదులు తేనెసారా కారుతుంది. రచయిత మూడు వారాలు కూర్చుని ఇవన్నీ అధ్యాయంలో ఎక్కించాడు.

చదివితే మ్యూజియంలో గైడ్ వెనకాల నడుస్తున్నట్టు ఉంది. తప్పు అతనిది కాదు, జబ్బు ఒకటైతే నేను మందు ఇంకోటి రాసిచ్చాను. ఆ రాత్రి పన్నెండు అధ్యాయాలూ మళ్ళీ మొదటి నుంచి చదువుతూ, కేతిల్ ఏదైనా కావాలనుకున్న వాక్యం కనిపిస్తే దాని కింద గీత గీయాలని పెన్సిల్ పట్టుకున్నాను. 23వ అధ్యాయం వచ్చినా ఒక్క గీతా పడలేదు.

ఒక మాట దగ్గర కథ ముగిసిపోతోంది

వీరస్వర్గం. ఈ మాట మన భాషలో ఏ పని చేస్తుందో ఒకసారి చూడండి. “వీరస్వర్గం అలంకరించాడు” అనేది చిట్టచివరి వాక్యం. బుర్రకథలోనైనా, పేపర్లోనైనా ఆ ముక్క వచ్చిందంటే ఇక అతని గురించి చెప్పాల్సింది అయిపోయినట్టే. వీరగల్లు మీద కూడా అంతే. కింది అరలో యుద్ధం, మధ్య అరలో వీరుణ్ణి అప్సరసలు మోసుకుపోవడం, పై అరలో శివలింగం ముందు కూర్చున్న వీరుడు. ఆ పైన చెక్కడానికి ఇంకేమీ ఉండదు. మా రచయిత ఆ చివరి అరలోకి కేతిల్‌ని ఎక్కించేసి, అక్కడి నుంచి పన్నెండు అధ్యాయాలు నడిపించబోయాడు. తెలుగు పాఠకుడు ఆ మాట దగ్గరే ఊపిరి వదిలేసి, దండం పెట్టుకుని, పుస్తకం పక్కన పెట్టేశాడు.

వాల్‌హల్లా అనే మాటకి స్వర్గంతో సంబంధమే లేదు. మొదటి సగానికి అర్థం యుద్ధంలో కూలినవాళ్ళు, రెండో సగానికి అర్థం పెద్ద చావడి. హతుల చావడి. వాళ్ళని తీసుకుపోవడానికి ఓడిన్ పంపే ఆడవాళ్ళు వాల్కిరీలు. వాల్కిరీ అంటే కూలినవాళ్ళలోంచి ఏరేది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, చేలో పత్తి ఏరినట్టు ఏరడం. అప్సరస అంటే సుఖం గుర్తొస్తుంది. ఏరేది అంటే వెంటనే ఇంకో ప్రశ్న లేస్తుంది: దేనికోసం ఏరుతోంది?

జవాబు పాత నార్స్ కవితల్లోనే ఉంది. ఎరిక్ బ్లడాక్స్ అనే రాజు 954లో ఇంగ్లండ్‌లో యుద్ధంలో చనిపోయాడు. అతని మీద చెప్పిన కవితలో ఓడిన్ తన సభని సిద్ధం చేయిస్తుంటాడు. అంత గొప్ప వీరుడని నీకు తెలిసి కూడా అతనికి గెలుపు ఎందుకు దక్కనివ్వలేదని ఒకరు అడుగుతారు. ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు, బూడిదరంగు తోడేలు దేవతల ఇళ్ళకేసి చూస్తూ ఉంది అంటాడు ఓడిన్. ఆ తోడేలు ఫెన్రిర్. ప్రపంచం చివరి యుద్ధంలో ఓడిన్‌ని మింగబోయేది అదే. మంచివాళ్ళని ఓడిన్ చంపించుకునేది వాళ్ళకి బహుమతి ఇవ్వడానికి కాదు, సైన్యంలో చేర్చుకోవడానికి. పైగా ఆ యుద్ధంలో తను ఓడిపోతానని తెలిసీ పోగుచేస్తున్నాడు.

ఈ ఒక్క సంగతి ఫోన్లో చెప్పగానే అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత, “అంటే కేతిల్ ఓడిపోయింది బలం చాలక కాదు. వాడు కావాలి కాబట్టి ఓడించారు,” అన్నాడు. నవల వెన్ను అక్కడ నిటారైంది.

కవచం విప్పని రాజు

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది హాకోన్ అనే నార్వే రాజు మీద ఎవిండ్ అనే ఆస్థానకవి చెప్పిన కవిత. 961 ప్రాంతంలో ఫిట్యార్ దగ్గర యుద్ధంలో తగిలిన గాయంతో హాకోన్ చనిపోయాడు. ఇంగ్లండ్ రాజు ఎథెల్‌స్టన్ దగ్గర క్రైస్తవుడిగా పెరిగినవాడు. ఆస్థానకవి మాత్రం అతన్ని పాత దేవుళ్ళ దగ్గరికే పంపాడు.

ఆ రాక ఎలా ఉంటుందో చూడండి. వాల్కిరీలు గుర్రాల మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే హాకోన్ వింటాడు. గెలుపుకి మేం తగినవాళ్ళమే కదా, యుద్ధాన్ని ఇలా ఎందుకు తేల్చావని ఒకదాన్ని నిలదీస్తాడు. సభ దగ్గరికి ఒళ్ళంతా నెత్తురుతోనే వస్తాడు. గాయాలు మాయమైపోయాయన్న మాట ఎక్కడా లేదు. ఓడిన్ మనసులో ఏముందో, చూపు మంచిగా లేదు, భయంగా ఉంది అంటాడు. లోపల నీ అన్నదమ్ములు ఎనిమిది మంది ఉన్నారు, రా, తాగు అని పిలుస్తారు. అప్పుడు హాకోన్ అనేది ఇది: మా ఆయుధాలు మా దగ్గరే ఉంచుకుంటాం, శిరస్త్రాణాన్ని, కవచాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి, చేతికి అందేలా ఉండటం మంచిది.

ఈ కవిత చదివిన ప్రతిసారీ ఇక్కడ ఆగిపోతాను. దేవుడి సభలో, చచ్చిపోయాక, ఒక మనిషి కవచం విప్పనంటున్నాడు. అక్కడ ఉన్న అన్నదమ్ముల సంగతి గుర్తుపెట్టుకుంటే ఇంకా బరువెక్కుతుంది. పైన చెప్పిన ఎరిక్ ఇతని అన్నే. అతన్ని దేశం నుంచి వెళ్ళగొట్టింది హాకోనే. ఫిట్యార్‌లో హాకోన్ మీదికి వచ్చింది ఆ ఎరిక్ కొడుకులు.

ఇక్కడి నుంచి నవలలో మూడు మార్పులు వచ్చాయి. మొదటిది, వాకిట్లో గాయాలు మాయమవ్వవు. కేతిల్ తడి బట్టలతో, వాగు బురదతో, పక్కలో విరిగిన ఈటెతో వస్తాడు. రెండోది, కవచం విప్పమంటే విప్పడు. మొదటి అధ్యాయంలో కూతురితో ఆడే పలకాట కోసం తిమింగలం ఎముకతో ఒక పావు చెక్కుతాడు, అది కవచం లోపలి తోలులో కుట్టుకుని యుద్ధానికి పోతాడు. ఈ పావు పాత ప్రతిలోనూ ఉంది, కానీ 17వ అధ్యాయం తర్వాత రచయిత దాన్ని మర్చిపోయాడు. ఇప్పుడు కేతిల్ ఏం కాపాడుకుంటున్నాడో పాఠకుడికి తెలుసు, దేవుడికి తెలియదు.

మూడోది పక్కన కూర్చునేవాడు. వాగు దగ్గర కేతిల్ చేతిలో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒకడు చనిపోతాడు. వాడూ ఏరబడినవాడే కాబట్టి అదే చావడిలో, అదే బల్ల మీద ఉంటాడు. ఇది కల్పన కాదు, ఆ లోకం నియమమే అది. పగలు ఒకరినొకరు నరుక్కుని, సాయంత్రం రాజీపడి కలిసి కూర్చుంటారని ఎడ్డా కవిత చెబుతుంది. స్వర్గంలో దుర్యోధనుడు దర్జాగా కూర్చుని ఉండటం చూసి ధర్మరాజుకి ఒళ్ళు మండిన ఘట్టం తెలిసిన మనకి ఈ బల్ల కొత్తది కాదు. రచయిత మొదట ఆ కుర్రాడిచేత కేతిల్‌కి సేవ చేయించాడు. దానికీ ఆధారం ఉంది, హెల్గీ అనే వీరుడు వాల్‌హల్లా చేరగానే తను చంపిన హుండింగ్‌చేత కాళ్ళకి నీళ్ళు పెట్టించుకుంటాడు, పందులకి కుడితి పోయిస్తాడు. కానీ కేతిల్ అలాంటి మనిషి కాదు. ఇప్పటి ప్రతిలో మొదటి రోజు పోరులో ఆ కుర్రాడే కేతిల్‌ని నరుకుతాడు. సాయంత్రం మాంసం పళ్ళెం అతని వైపు జరుపుతాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు.

వంటింట్లో

రోజూ చచ్చి రోజూ లేవడం మొదటిరోజు అద్భుతం, పదోరోజు విసుగు. ప్రమాదం లేని యుద్ధాన్ని పేజీలకి పేజీలు చదవడం కష్టం. ఆ పోరులన్నీ తీసేసి ఒక్కటే ఉంచమన్నాను. మిగతా భారం మొత్తం వంటింటి మీద పెట్టాం.

పురాణంలో ఆ వంటింటి పేర్లన్నిటికీ ఒకే తోక ఉంటుంది. వంటవాడు ఆండ్‌హ్రిమ్నిర్, కొప్పెర ఎల్డ్‌హ్రిమ్నిర్, అందులో ఉడికే పంది సేహ్రిమ్నిర్. 1220 ప్రాంతంలో ఎడ్డా అనే పేరుతోనే ఈ పురాణాల మీద వచన గ్రంథం రాసిన స్నోరి స్టర్లుసన్ చెప్పినదాని ప్రకారం ఆ పందిని ప్రతిరోజూ వండుతారు, సాయంత్రానికి అది మళ్ళీ పూర్తిగా లేస్తుంది. ఇంతే. పంది గురించి ఇంకెవరూ ఏమీ అడగలేదు. మా రచయిత అడిగాడు. 22వ అధ్యాయం ఇప్పుడు ఇలా ఉంది:

“వంటవాడు పంది డొక్క నిమిరాడు. నిన్న కేతిల్ తిన్నది ఆ డొక్కే. కోత గుర్తు కూడా లేదు. బొచ్చు మాత్రం అక్కడ కొత్తగా, పసిపిల్ల తల మీద జుట్టులా మెత్తగా ఉంది.

‘నొప్పి ఉంటుందా దానికి?’

వంటవాడు కత్తి నూరడం ఆపలేదు. ‘నీకు లేదా నిన్న?’

కేతిల్ మెడ తడుముకున్నాడు. గొడ్డలి దిగిన చోట చర్మం వేలికి పట్టకుండా జారింది. అక్కడ ఆసా పంటిగాటు ఒకటి ఉండాలి, పెళ్ళయిన ఏడాదిది. వెతికాడు. లేదు.”

అతను ఇది పంపిన రోజు నేను చేసిన ఎడిటింగ్ ఏమీ లేదు, ఒక కామా తీసేశాను. ఆ లోకం కేతిల్ దగ్గర్నుంచి ఏం తీసుకుంటోందో ఈ వంటింట్లో తేలిపోయింది. మానిన ప్రతి గాయంతోపాటు బతికున్నప్పటి గుర్తు ఒకటి చెరిగిపోతోంది. ఇంకెన్ని రోజులుంటే ఏమీ మిగలదో పాఠకుడు తనే లెక్క వేసుకుంటాడు. కేతిల్‌కి తొందర మొదలైంది.

లెక్క అంటే గుర్తొచ్చింది. వాల్‌హల్లాకి 540 వాకిళ్ళు, ఆఖరి యుద్ధంరోజు ఒక్కో వాకిలి నుంచి 800 మంది వీరులు బయటికి వస్తారు. హెచ్చిస్తే 4,32,000. కలియుగం ఏళ్ళు కూడా అంతే. రచయిత దీన్ని కనిపెట్టి రాత్రి ఒంటిగంటకి మెసేజ్ పెట్టాడు, దీని మీద ఒక రహస్యం అల్లుతానని. వద్దన్నాను. పాత నార్స్ లెక్కలో వంద అంటే చాలాసార్లు 120. అలా చూస్తే 640 వాకిళ్ళు, 960 మంది, మొత్తం 6,14,400. తెలుగు పాఠకుడికి ఒళ్ళు జలదరించేలా చేయడం తేలికే, కానీ ఆ జలదరింపు అరువు తెచ్చుకున్నది. పందికి నొప్పి ఉంటుందా అన్న ప్రశ్నకి ఇంకెవరి లెక్కా అక్కర్లేదు.

ఇంటి దగ్గర ఎవరికి ఏం తెలుసు

పాత ప్రతిలో కేతిల్ పోయాక ఆసా, కూతురు 30వ అధ్యాయం దాకా కనిపించరు. ఇదే అసలైన నష్టం. ఆ కాలపు జనం నమ్మకాలు ఒక్క తీరుగా లేవు, అది రచయితకి వరం. కూలినవాళ్ళలో సగం మందిని ఫ్రేయా దేవత తన చోటైన ఫోల్క్‌వాంగ్‌కి ఎంచుకుంటుందని, మిగతా సగమే ఓడిన్‌కని గ్రిమ్నిస్మాల్‌లోనే ఉంది. ఐస్‌లాండ్ సాగా (పాత వచన గాథ) ఒకదానిలో చేపలవేటకి పోయిన థోర్‌స్టెయిన్ రాలేదు. అంతకుముందు సాయంత్రం గొర్రెల కాపరి ఒకడు హెల్గాఫెల్ కొండ ఉత్తరం వైపు తెరుచుకోవడం చూస్తాడు. లోపల మంటలు, తాగేవాళ్ళ సందడి, థోర్‌స్టెయిన్‌ని రమ్మని పెద్దపీట వేయడం వినిపిస్తాయి. మర్నాడు ఉదయం అతను మునిగిపోయాడని కబురొస్తుంది. ఆ ఇంటివాళ్ళకి చనిపోయినవాడు ఇంటి వెనక కొండలోనే ఉన్నాడు.

కాబట్టి మా నవలలో ఇప్పుడు కేతిల్ ఎక్కడున్నాడో బతికున్నవాళ్ళకి ఏకాభిప్రాయం లేదు. ఊరి పెద్ద చావడికి పోయాడంటాడు. ఆసా దేవత దగ్గర ఉన్నాడని నమ్ముతుంది, ఆ సగంలో పడి ఉండాలని మొక్కుకుంటుంది. కూతురు రోజూ సాయంత్రం ఇంటి వెనక గుట్ట దగ్గరికి పోయి రాయికి చెవి ఆనిస్తుంది. ఈ ముగ్గురి అధ్యాయాలు చావడి అధ్యాయాల మధ్య మధ్య పెట్టాం. ఎక్కడ ఏది రావాలన్నదానికి నా ఇంట్లో నేల మీద చీటీలు పరిచి వారం రోజులు జరుపుతూనే ఉన్నాను.

పెద్ద వాదన 26వ అధ్యాయం మీద. రచయిత కేతిల్‌ని తిరిగి బతికించి ఇంటికి పంపాలనుకున్నాడు. నేను ఒక్క రాత్రే అన్నాను. హెల్గీ కథలో ఉన్నది అదే. హెల్గీని చంపింది భార్య సిగ్రూన్ సోదరుడే. హెల్గీ తమ తండ్రిని చంపినందుకు పగ. అతనికి ఈటె ఇచ్చింది ఓడిన్. తర్వాత ఒక సాయంత్రం హెల్గీ చావడి నుంచి తన సమాధిదిబ్బకి గుర్రం మీద వస్తాడు. సిగ్రూన్ లోపలికి వెళ్తుంది. జుట్టంతా మంచు పేరుకుంది, చేతులు చల్లగా తడిగా ఉన్నాయి, ఒంటి మీద నెత్తురు. ఈ తడి నీ వల్లే, నువ్వు పడుకునేముందు ఏడ్చే ప్రతి కన్నీటిబొట్టూ నెత్తురై నా గుండెల మీద పడుతోంది అంటాడు. ఆమె అక్కడే పక్క పరిచి అతని చేతుల్లో పడుకుంటుంది. కోడి కూసేలోపు అతను వెళ్ళిపోవాలి. మర్నాడు సాయంత్రం ఆమె ఎదురుచూస్తుంది, రాడు. దుఃఖంతో ఆమె ఎక్కువకాలం బతకలేదు.

“ఒక్క రాత్రి సరిపోదు అక్కా, చదివేవాళ్ళు ఒప్పుకోరు,” అన్నాడు.

“మీ అమ్మమ్మ చెప్పిన భారతంలో ఒప్పుకోలేదా?” అన్నాను. ఆశ్రమవాస పర్వంలో వ్యాసుడు కురుక్షేత్రంలో పోయినవాళ్ళందరినీ గంగలోంచి ఒక్క రాత్రికి లేపుతాడు. తెల్లారేసరికి వెళ్ళిపోతారు. భర్తల్ని విడిచి ఉండలేని భార్యలు గంగలోకి దిగిపోతారు. ఆ కథ విని పెరిగినవాళ్ళం మనం. గంగని నవలలోకి తేలేదు, తేవాల్సిన పనీ లేదు. ఒక్క రాత్రి చాలదేమోనన్న భయం మాత్రం అతనికి పోయింది.

ఆసా 26వ అధ్యాయంలో చనిపోదు, ఆ విషయంలో రచయిత పట్టుబట్టాడు, అతనే రైట్. ఆమెకి కూతురుంది. కేతిల్ మెడ మీద తన పంటిగాటు కోసం చీకట్లో వేళ్ళతో వెతుకుతుంది. దొరకదు. ఏమీ అనదు. మళ్ళీ అక్కడే కొరుకుతుంది.

ఇప్పుడు ఎక్కడున్నాం

కొత్త ప్రతిని పాత ముగ్గురిలో ఒకరికి, కొత్తగా ఇంకో ఇద్దరికి ఇచ్చాం. ముగ్గురూ 29 దాటారు. ఇద్దరు ఒకే ఫిర్యాదు చేశారు, దేవుడి మాటలు మరీ తక్కువగా ఉన్నాయని. అది సరిచేయబోవడం లేదు. మనసులో ఏముందో తెలియని దేవుడే హాకోన్‌ని భయపెట్టింది.

తేలనిది ఆఖరి యుద్ధం తర్వాతి సంగతి. ఎడ్డాలోని వోలుస్పా కవితలో తోడేలు ఓడిన్‌ని చంపాక, నేల సముద్రంలో మునిగి మళ్ళీ పచ్చగా పైకి వస్తుంది. మిగిలిన దేవుళ్ళకి గడ్డిలో పాత బంగారు ఆటపావులు దొరుకుతాయి. చావడిలో అన్నాళ్ళు తయారైన వీరుల గురించి ఒక్క మాట లేదు. 29వ అధ్యాయంలో కేతిల్ 800 మందిలో ఒకడిగా వాకిలి దాటుతాడు, కుర్రాడు ఎడమపక్కన ఉంటాడు, అంతటితో వాళ్ళ కథ ఆగుతుంది. 42లో గడ్డిలో దొరకాల్సింది బంగారం కాదని, తిమింగలం ఎముక పావు ఒకటని, అది దొరకాల్సింది దేవుళ్ళకి కాదని నేను మార్జిన్‌లో రాశాను. అతను ఇంకా ఒప్పుకోలేదు. “చూస్తానక్కా” అన్నాడు. ప్రతి అతని దగ్గరే ఉంది.